చెక్కపువ్వు వెనక గ్రీజు గిన్నె

"అది పేపరే కదా గుల్వెన్! పేపరు అంటిస్తే చెక్కకి జ్వరమొస్తుందా?"

"పేపరుతో నాకేం గొడవ లేదు. దాని మీద నువ్వు గీసిన గీతతోనే. అది రంపం గీత."

"రంపం గీత కాదు. కుట్టు గీత."

"చెక్కకి కుట్టేంటి? బట్టలు కుట్టీ కుట్టీ నీకు ప్రపంచమంతా గౌనులాగే కనిపిస్తోంది."

"గౌనే నయం. వేసుకోడానికీ విప్పడానికీ ఓ దారుంటుంది."

ఈ మాటలు మొదలై అప్పటికి నాలుగు రోజులు. బుధవారం సాయంత్రం గ్వెనోలా కొట్టు మూసి రేవుకి వెళ్ళింది. వాళ్ళ తెరచాప పడవ 'స్టెరెన్' లోపలికి దిగి, మెట్ల పక్కనున్న ఇరుకు పడక గోడ మీద పాత దినపత్రిక పరిచి, చుట్టూ గుండుసూదులు గుచ్చి, నీలం సుద్దతో గుండ్రంగా ఒక గీత గీసి వచ్చింది. గురువారం గుల్వెన్ వెళ్ళి దాన్ని పీకేసి, సూదులు గుచ్చిన రంధ్రాలన్నీ లెక్కపెట్టుకుని ఇంటికొచ్చాడు. మొత్తం పదకొండు. "నాన్న పలకకి పదకొండు పోట్లు" అంటూ రాత్రి భోజనం సగంలో వదిలేశాడు. శుక్రవారం ఆమె మళ్ళీ అంటించింది, ఈసారి టేపుతో. ఇవాళ శనివారం. కాఫీ గిన్నెలు రెండూ బల్ల మీద చల్లారిపోతున్నాయి.

గ్వెనోలాది బట్టలు సరిచేసే కొట్టు. పొట్టివి పొడుగు చేయడం, బిగుతైనవి వదులు చేయడం, చెడిపోయిన జిప్పులు మార్చడం ఆమె పని. ముప్ఫై ఏళ్ళుగా అదే పని చేస్తున్న మనిషికి, ఎక్కడా తెరుచుకోని వస్తువుని చూస్తే చేతులు దురద పెట్టడం సహజం. ఆ పడవలో తెరుచుకోనిది ఆ పలక.

దాన్ని చేసింది మామగారు ఫాంచ్. ఆయన వడ్రంగి. బతుకంతా పెట్టె మంచాలే చేశాడు. బీరువాలాగా తలుపులు మూసుకుని లోపల పడుకునే ఆ పాతకాలపు మంచాలకి ఆ జిల్లాలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. నలభై ఒక్క ఏళ్ళ కిందట, పాత పడవ ఖాళీ డొప్ప ఒకటి కొని, రెండు శీతకాలాలు షెడ్డులో కూర్చుని లోపలంతా ఓక్ చెక్కతో తనే అమర్చాడు. సందు లేదు, సొట్ట లేదు. చూసినవాళ్ళు నిమురుతూ నిలబడిపోయేవారు. పడక పక్క పలక మీద మాత్రం కిరణాలు విప్పుకున్న సూర్యుడిలాంటి ఒక పెద్ద పువ్వు చెక్కాడు. దాన్ని భార్య లెయోనీ మీద ప్రేమతో చెక్కాడని ఊరంతా చెప్పుకుంటుంది. పోయిన ఏడాది ఎవరో పర్యాటకురాలు దాన్ని ఫొటో తీసుకుంటూ కళ్ళు తుడుచుకుంది కూడా.

ఆ పువ్వుకి సరిగ్గా జానెడు వెనక గ్లాండు ఉంది.

ఇంజను నుంచి నీళ్ళలో తిరిగి పడవని నెట్టే ఫ్యానుకి వెళ్ళే ఇనుపకడ్డీ పడవ అడుగు దాటి నీళ్ళలోకి దిగే చోట, సముద్రం లోపలికి రాకుండా బిగించిన ఇత్తడి మెడ అది. దాని నెత్తిన ఓ గ్రీజు గిన్నె. ఇంజను నడుస్తున్నంతసేపూ ఇరవై నిమిషాలకోసారి ఆ గిన్నె మూతని ఒక చుట్టు తిప్పాలి. తిప్పకపోతే మొదట బొట్టు, తర్వాత ధార, ఆ తర్వాత పడక కింద దాచిన కేకులు తడిసిపోతాయి. పలక తెరుచుకునేదైతే పడక మీద కూర్చుని, కాఫీ తాగుతూ, చెయ్యి చాపి తిప్పొచ్చు. తెరుచుకోదు కనక పైన చుక్కాని పక్కనున్న సామాన్ల పెట్టె మూత ఎత్తి, తాళ్ళూ బకెట్లూ బయటకి విసిరి, తలకిందులుగా అందులోకి దూరి, రెండు చెక్కల మధ్య నుంచి భుజం పోనిచ్చి, చెయ్యి మాత్రం ముందుకి పంపి తడుముకోవాలి. కాళ్ళు బయటే ఉంటాయి.

ఇరవై రెండేళ్ళుగా ఆ కాళ్ళు గ్వెనోలావి. కొడుకు తాంగీకి పాలు మాన్పించిన ఏడాదే అత్తగారి దగ్గర్నుంచి ఆ పని ఆమెకి వచ్చింది.

గుల్వెన్ దూరలేడు. అతనిది డ్రైవింగ్ స్కూలు. ఇరవై ఎనిమిదేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని జిల్లాలో సగంమందికి బండి నేర్పాడు. పాసైనవాళ్ళంతా కృతజ్ఞతగా వెన్న కేకు తెచ్చిస్తారు. ఆ కృతజ్ఞతంతా అతని నడుము చుట్టూ పేరుకుంది. ఎవరి బండిలో కూర్చున్నా అతని కుడికాలు లేని బ్రేకుని నొక్కుతూనే ఉంటుంది. ఆఖరికి సినిమా హాల్లో కూడా. ఇక చుక్కాని సంగతి చెప్పక్కర్లేదు, దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చిన పాపాన పోలేదు.

అలాగని భార్య కష్టం తెలియని మనిషీ కాదు. నలభయ్యో పుట్టినరోజుకి ఆమెకి తలకి కట్టుకునే దీపం కొన్నాడు. నలభై ఐదుకి మోకాళ్ళ మెత్తలు. నిన్న నలభై తొమ్మిది నిండితే, చక్రాల మీద జారే ఒక చెక్కపీట తయారుచేయించి రిబ్బను కట్టి ఇచ్చాడు. దాని మీద బోర్లా పడుకుంటే పెట్టెలోకి దానంతటదే జారిపోవచ్చట. ఆ పీటే ఇప్పుడు వంటింటి తలుపు పక్కన రిబ్బనుతో సహా నిలబడి ఉంది.

"నీ భుజం నెప్పి సంగతి నాకు తెలుసు కాబట్టే కదా పీట చేయించాను" అన్నాడు గుల్వెన్.

"నాకు పీటొద్దు. తలుపు కావాలి."

"నాన్న పోయి పన్నెండేళ్ళు. ఆయన పనితనం ఇంకెక్కడ మిగిలింది చెప్పు? మంచాలన్నీ పాతసామాన్ల వాళ్ళు పట్టుకుపోయారు. ఆ పువ్వొక్కటే మిగిలింది. దానికి రంపం పెడతానంటావు."

"పదిహేను లోపల పెడతాను."

పదిహేనంటే ఆగస్టు పదిహేను. ఆ రోజు రేవులోని పడవలన్నీ జెండాలు కట్టుకుని, ఇంజన్ల మీద వరసగా మెల్లగా బయటి సముద్రంలోకి వెళ్తాయి. ముందు పడవలో ఫాదర్ గారు నిలబడి నీళ్ళని ఆశీర్వదిస్తారు. ఆ తర్వాత సముద్రంలో పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చదువుతుంటే, పువ్వుల దండ నీళ్ళలోకి వదులుతారు. ఆ పేర్లలో ఎర్వాన్ అనేది ఒకటి. గ్వెనోలా అన్నయ్య. ఆమెకి పంతొమ్మిదేళ్ళప్పుడు చేపల పడవతో వెళ్ళి రాలేదు.

పెళ్ళయ్యాక మొదట్లో ఒకటి రెండుసార్లు తప్ప, ఆమె ఆ పేరు చదవడం వినలేదు. ఊరేగింపు రెండు గంటలు. స్టెరెన్ ఇంజను రెండు గంటలూ నడుస్తూనే ఉంటుంది, ఒకసారి దూరి బయటపడేసరికి మళ్ళీ తిప్పే వేళవుతుంది. దండ నీళ్ళలో పడే సమయానికి ఆమె తల పెట్టెలో, చెయ్యి గ్రీజులో, చెవుల్లో ఇంజను రొద. ఒక ఏడాది మొండికేసి, కొట్టులో పనిచేసే అమ్మాయి వాళ్ళ పడవెక్కింది. ఆ రోజు స్టెరెన్ లోపల చీలమండల దాకా నీళ్ళు చేరి, గుల్వెన్ ఊరేగింపు మధ్యలో బకెట్టుతో తోడుతుంటే ఫాదర్ గారు ఆశీర్వదిస్తున్న చెయ్యి ఆపి చూశారు. ఆ కథ ఇప్పటికీ రేవులో చెప్పుకుంటారు.

"ఎర్వాన్ పేరు నాకు వినాలనుంది" అంది గ్వెనోలా, గిన్నెలు తీస్తూ.

"నీ బదులు నేను వింటున్నాగా ప్రతి ఏడూ" అన్నాడు గుల్వెన్. చాలా మంచి మనసుతోనే అన్నాడు.

గ్వెనోలా గిన్నెలు మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. అతనికి తను ఏదో తప్పన్నట్టు తెలిసింది. ఏది తప్పో తెలియలేదు. అలాంటప్పుడు మగవాళ్ళు చేసే పనే చేశాడు. గొంతు పెంచాడు.

"అయినా అంత కష్టమేం కాదు అందులో దూరడం! ఒక పద్ధతుంది. నీకు పద్ధతి తెలియక భుజం పట్టేస్తోంది. పద రేవుకి. చూపిస్తాను."

"నువ్వు?"

"నేనే."

"పీట తెచ్చుకుంటావా?"

"నాకక్కర్లేదు."

*

మధ్యాహ్నం నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి. రేవు కాపలాదారు పెరిగ్ గట్టు మీద కూర్చుని వల అల్లుతున్నాడు. గుల్వెన్ పెట్టెలోంచి తాళ్ళూ బకెట్లూ తీసి బయట పెట్టి, చేతులు దులుపుకుని, పక్క సీట్లో కూర్చున్న విద్యార్థికి చెప్పినట్టు చెప్పాడు.

"ముందు ఊపిరి వదలాలి. రెండోది, కంగారు పడకూడదు. మూడోది, భుజాన్ని ఏటవాలుగా పంపాలి. చూడు."

ఊపిరి వదిలాడు. తల వెళ్ళింది. భుజాలు ఏటవాలుగానే వెళ్ళాయి. తర్వాత కృతజ్ఞతంతా పేరుకున్న చోటు వచ్చింది. అక్కడ ఆగాడు.



"అందిందా?" అంది గ్వెనోలా.

"కనిపిస్తోంది" అంది పెట్టె.

"తిప్పు మరి."

"నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. ఒక్క క్షణం... వెనక్కి వచ్చి మళ్ళీ వస్తాను."

కాళ్ళు కదిలాయి. మనిషి కదల్లేదు. కాళ్ళు ఇంకొంచెం గట్టిగా కదిలాయి. గట్టు మీద పెరిగ్ వల పక్కన పెట్టి లేచాడు.

"కాళ్ళు మారాయేంటమ్మా ఈ ఏడు?" అన్నాడు. "ఇరవయ్యేళ్ళుగా సన్నకాళ్ళే చూస్తున్నాం ఆ పెట్టెలో."

"పద్ధతి చూపిస్తున్నాడు బాబాయ్."

"బాగుంది. నేను కుర్చీ తెచ్చుకుంటా."

"గ్వెనోలా" అంది పెట్టె. ఈసారి గొంతులో గురువు లేడు. "స్వెట్టరు దేనికో పట్టుకుంది. వెనక్కి రాలేకపోతున్నాను."

గ్వెనోలా తీరిగ్గా చుక్కాని పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ చోట కూర్చోవడం అదే మొదటిసారని ఆమెకి అప్పుడు తట్టింది. అక్కడి నుంచి రేవు మొత్తం కనిపిస్తోంది.

"కంగారు పడకూడదు" అంది. "ముందు అద్దం చూసుకో. మెల్లిగా రివర్స్ వెయ్యి."

"వేళాకోళమా?"

"క్లచ్ పూర్తిగా నొక్కావా?"

"గ్వెనోలా! రక్తం తలకెక్కుతోంది! నువ్వు నిన్న పడవలో ఆ చెవుల జంతువు పేరు ఎత్తావు, కదూ? ఎత్తే ఉంటావు. అందుకే ఇలా అయింది."

పొడుగు చెవుల ఆ జంతువు పేరు పడవలో ఎత్తితే కీడని ఆ రేవులో పసిపిల్లలకి కూడా తెలుసు.

"నేను పేరు ఎత్తలేదు" అంది గ్వెనోలా. "నువ్వే నిన్న రాత్రి దాని కూర తిన్నావు, రెండు పళ్ళేలు. బహుశా అదే పట్టుకుని ఉంటుంది."

పెరిగ్ కుర్చీతో తిరిగొచ్చాడు. అతనితో పాటు ఇంకో ముగ్గురు వచ్చారు. ఒకామె గుల్వెన్ తనని డ్రైవింగ్ పరీక్షకి పంపకుండా మూడుసార్లు ఆపాడని పక్కామెకి చెబుతోంది, పాత కోపమంతా తీరేలా నవ్వుతూ.

గ్వెనోలా చేతిసంచీలోంచి కుట్లు విప్పే చిన్న కత్తి తీసింది. పెట్టె అంచు మీద బోర్లా పడుకుని, భర్త పక్కటెముకల మీదుగా చెయ్యి పోనిచ్చి తడిమింది. ముదురు నీలం ఉన్ని స్వెట్టరు ఒక మర తలకి చిక్కుకుని, మెలి తిరిగి, మనిషిని మూటలా కట్టేసింది.

"దీన్ని కొయ్యాలి" అంది.

"కొయ్యి."

"అత్తయ్య అల్లింది ఇది."

"తెలుసు. కొయ్యి."

"ఆలోచించుకో. కళ్ళు సరిగా కనిపించని రోజుల్లో, ఏడు నెలలు కూర్చుని అల్లారు. ఆవిడ ఇంకో స్వెట్టరు అల్లలేరు. ఇదొక్కటే మిగిలింది."

పెట్టె బయట కాళ్ళు ఇంకొక్కసారి తన్నుకుని ఆగాయి.

"గ్వెనోలా" అన్నాడు చివరికి, చాలా మర్యాదగా. "దయచేసి కొయ్యి."

కొయ్యలేదు. కోసేది పని రానివాళ్ళు. చంక నుంచి నడుము దాకా పక్క కుట్టుని ఒక్కో దారం చొప్పున విప్పింది. స్వెట్టరు పుస్తకంలా తెరుచుకుంది. గుల్వెన్ అందులోంచి బఠాణీ గింజలా వెనక్కి జారి, బయట పెట్టిన తాళ్ళ చుట్ట మీద కూలబడ్డాడు. నుదుటి మీద గ్రీజు బొట్టు. గట్టు మీద చప్పట్లు.

"చూశావా దాన్ని?" అంది గ్వెనోలా, మిగిలిన స్వెట్టరుని మర నుంచి విడిపిస్తూ.

"చూశాను."

"ఎలా ఉంది?"

"ఇత్తడి" అన్నాడు గుల్వెన్. కొంచెం ఆగి, "చిన్నది. నేను ఇంకా పెద్దదనుకున్నాను" అన్నాడు.

గుల్వెన్ ముందు నడిచి ఇంటికి వచ్చాడు. తలుపు దగ్గర చక్రాల పీట అడ్డం వస్తే దాన్ని తీసి మెట్ల కింద పెట్టాడు. గ్వెనోలా మనసులో ఆశ పుట్టింది. అంతలోనే అతను అన్నాడు:

"నేను ఒప్పుకున్నా అమ్మ ఒప్పుకోదు. ఆ పువ్వు ఆవిడది. ఆవిడ బతికుండగా దాని మీద రంపం పెట్టమని నేను అడగలేను. నువ్వూ అడక్కు."

ఎనభై రెండేళ్ళ మనిషిని, పోయిన మొగుడి ప్రేమ గుర్తుని కోస్తానని అడగడం ఎలాగో గ్వెనోలాకీ తెలియదు. రాత్రి స్వెట్టరు కుట్టు మళ్ళీ వేస్తూ కూర్చుంది. పడవలోంచి ఊడదీసి తెచ్చిన పేపరు మడిచి సంచీలో పెట్టుకుంది, ఎందుకో ఆమెకే తెలియకుండా.

*

ఆదివారం భోజనాలు ఎప్పుడూ లెయోనీ ఇంట్లోనే. ఆవిడ పెనం ముందు నిలబడి నల్లగోధుమ అట్లు పోస్తుంటే, మిగతావాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని వచ్చినవి వచ్చినట్టు తింటారు. ఆవిడ కూర్చోదు. కూర్చోమంటే తిడుతుంది.

ఆ ఆదివారం కొడుకు తాంగీ మొదటిసారి ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. పేరు రోజెన్. ఊరు సముద్రానికి బాగా దూరం. పళ్ళ డాక్టరు దగ్గర పని. మనిషి సన్నగా, పొట్టిగా, చురుగ్గా ఉంది. వస్తూనే లెయోనీ చేతిలోంచి గుడ్ల గిన్నె అందుకుని, అడక్కుండానే పగలగొట్టడం మొదలుపెట్టింది. గ్వెనోలాకి ఆ పిల్ల అప్పుడే నచ్చింది.

గుల్వెన్‌కీ నచ్చింది. నిన్నటి అవమానం మరిచిపోయి, ఆపిల్ పళ్ళ సైడరు వంపుతూ, మూడు కబుర్లు చెప్పి పిల్లని నవ్వించాడు.

"పడవంటే భయం లేదుగా అమ్మా?"

"ఎక్కలేదండీ ఎప్పుడూ. ఎక్కాలనుంది."

"కళ్ళు తిరగవుగా? తలకిందులుగా ఉంటే?"

"తలకిందులుగానా?" రోజెన్ తాంగీ వైపు చూసింది. తాంగీ అట్టులోకి చూశాడు.

"ఊరికే అడిగాలే." గుల్వెన్ కుర్చీలో వెనక్కి వాలి, ఒక మంచి బండిని చూసినట్టు, పరవశంగా అన్నాడు: "భుజాలు ఎంత పొందిగ్గా ఉన్నాయో!"

గ్వెనోలా ఫోర్కు కింద పెట్టింది. ఇదే బల్ల. ఇదే మాట. ఇరవై నాలుగేళ్ళ కిందట, కొత్త కోడలిగా ఆమె కూర్చున్న కుర్చీ కూడా అదే. అప్పుడు అన్నది మామగారు. తన అందాన్ని మెచ్చుకున్నాడనుకుని, ఆ రాత్రి అద్దంలో భుజాలు చూసుకుని మురిసిపోయింది కూడా.

వంటగదిలో మాడువాసన వచ్చింది. లెయోనీ చేతిలో అట్టు మాడడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"గుల్వెన్" అంది లెయోనీ, వెనక్కి తిరక్కుండానే. "ఇంకోసారి ఆ మాటన్నావంటే ఈ పెనం నీ నెత్తిన పెడతాను."

"ఏ మాటమ్మా?"

ఆవిడ పొయ్యి ఆపింది. వచ్చి కూర్చుంది. ఆవిడ కూర్చునేసరికి అందరూ తినడం మానేశారు.

"మీ నాన్న మరిచిపోయాడురా" అంది.

"ఏం మరిచిపోయాడు?"

"తలుపు."

గుల్వెన్ సైడరు సీసా బల్ల మీద పెట్టాడు.

"పెట్టె మంచాలు చేసిన చెయ్యి. మూసెయ్యడమే అలవాటు. రెండు శీతకాలాలు ఆ షెడ్డులో ఈలలేస్తూ, ఒక్కో పలకా జిగురు పెట్టి, చెక్కమేకులు కొట్టి, అయిదు పూతలు వార్నిషు వేశాడు. అంతా అయ్యాక చేతిలో గ్రీజు డబ్బా పట్టుకుని పడవ చుట్టూ తిరుగుతున్నాడు. ఏంటని అడిగితే చెప్పడు. మూడుసార్లు తిరిగాక అర్థమైంది నాకు, గ్లాండుకి దారి లేదని."

"అంటే... కావాలని మూసింది కాదా? పడకలోకి ఇంజను వాసన రాకుండా మూశానని నాన్న..."

"ఆ వాసన కథ తర్వాత కట్టాడు. పడవ నీళ్ళలోకి దింపే రోజు, ఊరంతా ఉంది. అప్పటి ఫాదర్ గారు లోపలంతా తిరిగి చూసి, అద్భుతం ఫాంచ్, మరి గ్లాండుకి గ్రీజెలా పెడతావూ అన్నారు. ఈ మహానుభావుడు రెప్ప కూడా వెయ్యకుండా, మా ఆవిడ ఆ సందులో పడుతుంది ఫాదర్, అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి పంతొమ్మిదేళ్ళు తలకిందులుగా ఉన్నాను."

రోజెన్ ఫక్కున నవ్వి, నోరు మూసుకుంది.

"నవ్వమ్మా, నవ్వు. నవ్వేసి లేచి వెళ్ళిపో, ఆ పెట్టెలో దూరమని అడిగితే మాత్రం."

"మరి ఆ పువ్వో?" అన్నాడు గుల్వెన్. గొంతు పదేళ్ళ పిల్లాడిది అయిపోయింది. "నీ మీద ప్రేమతో చెక్కాడుగా?"

"మొదటి ఏడాది గడిచాక నేను అలిగి వారం రోజులు అట్లు పొయ్యలేదు. తలుపు పెట్టు, లేకపోతే నీ పడవా వద్దు నువ్వూ వద్దు అన్నాను. అన్నం మానేసి ఆ పలక ముందు కూర్చున్నాడు. తలుపు కొయ్యాలంటే తప్పు ఒప్పుకోవాలి. అంతమందికి మంచాలు చేసినవాడు తలుపు మరిచిపోయాడంటే ఊళ్ళో తలెత్తుకోలేనన్నాడు. చివరికి ఉలి తీసుకున్నాడు." లెయోనీ ముందున్న సైడరు గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేసింది. "తలుపు పెట్టమంటే పువ్వు పెట్టాడు."

ఖాళీ గ్లాసు బల్ల మీద బోర్లించింది.

"ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆయన పోయాక కూడా నిలబెట్టుకున్నాను. గ్వెనోలా దూరుతుంటే ప్రతి ఏడూ గట్టు మీద నిలబడి చూశాను, చూసి కూడా నోరు విప్పలేదు. నాది తప్పే పిల్లా." చెయ్యి చాచి కోడలి భుజం మీద పెట్టింది, నెప్పి ఉన్నది ఏ భుజమో ఎవరూ చెప్పకుండానే. "కానీ ఇంకో పిల్ల భుజాలు కొలుస్తుంటే వినలేను."

"నేను కొలవలేదు" అన్నాడు గుల్వెన్ నీరసంగా. "ఊరికే..."

"కొలిచావు నాన్నా" అన్నాడు తాంగీ. "నిన్న ఫోనులో నన్ను అడిగావు కూడా, అమ్మాయి లావా సన్నమా అని."

గ్వెనోలా సంచీలోంచి మడతపెట్టిన పేపరు తీసింది. అట్ల పళ్ళెం పక్కకి జరిపి బల్ల మీద పరిచింది. నీలం సుద్ద గీత ఒక నిండు వలయం.

"ఇటు చూడండి అత్తయ్యా. పువ్వు మధ్య నుంచి కొయ్యను. రేకుల చివర చుట్టూ ఒక గాడి ఉంది కదా, మామయ్య లోతుగా తీసినది. ఆ గాడిలోనే కోస్తాను, సన్న రంపంతో. పువ్వు మొత్తం తలుపై ఊడి వస్తుంది. మూస్తే కోసినట్టే తెలియదు. కుట్టు లోపలికి పోతుంది."

లెయోనీ కళ్ళజోడు పెట్టుకుని, వంగి, గీత వెంట వేలు తిప్పింది. మొత్తం ఒక చుట్టు తిప్పింది, గిన్నె మూత తిప్పినట్టు.

"ఇంత చిన్న సంగతి ఆ మనిషికి తట్టి ఉంటేనా..." అంది. "తట్టే ఉంటుందిలే. లేకపోతే గాడి అంత లోతుగా ఎందుకు తీస్తాడు? ధైర్యం చాల్లేదు పాపం, నూరు మంచాల మొనగాడికి."

గుల్వెన్ ఆ పేపరు వంకే చూస్తున్నాడు. నలభై ఒక్క ఏళ్ళుగా ఉన్న తండ్రి ఒకరు అతని ముఖంలోంచి మెల్లగా దిగిపోతుంటే, ఇంకొకరు, చేతిలో గ్రీజు డబ్బాతో పడవ చుట్టూ తిరుగుతున్నవాడు, వచ్చి కూర్చుంటున్నట్టు అనిపించింది గ్వెనోలాకి. చివరికి అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె కంగారుపడింది. నవ్వుతున్నాడు.

"మూడుసార్లు తిరిగాడా?" అన్నాడు.

"మూడుసార్లు" అంది లెయోనీ.

గ్వెనోలా పేపరు మడిచింది. గొంతు పెంచలేదు. బల్ల చుట్టూ ఉన్న అందరికీ వినిపించేలా, రేపు ఏ బట్ట ముందు కుట్టాలో చెబుతున్నట్టు చెప్పింది.

"మంగళవారం పలక కోస్తున్నాను. పదిహేనో తారీకున ఈ పిల్ల గట్టున కూర్చున్నా సరే, పడవెక్కినా సరే, తన ఇష్టం. తలుపు వస్తుంది కాబట్టి గ్రీజు గుల్వెన్ పెడతాడు. చుక్కాని నేను పట్టుకుంటాను."

బల్ల కింద గుల్వెన్ కుడికాలు గట్టిగా నేలకి నొక్కుకుంది. ఆ చప్పుడు అందరికీ వినపడింది. అందరూ ఎదురుచూశారు.

కాలు తీశాడు.

"ఎర్వాన్ పేరు వచ్చేముందు ఇంజను ఆపేస్తాను" అన్నాడు, పళ్ళెంలోకి చూస్తూ. "పైకి బాగా వినపడుతుంది. కింద నేనే ఉంటాగా."